స్కేల్ రేడియో కంట్రోల్ యుద్ధ విమాన నమూనా

సైన్యంలో పనిచేసిన, లేదా పనిచేస్తున్న విమానాన్ని నిర్ణీత నిష్పత్తిలో కుదించి, నేల మీద నుంచి రేడియో ద్వారా నడిపేలా కట్టిన ఎగిరే నమూనాను స్కేల్ రేడియో కంట్రోల్ యుద్ధ విమాన నమూనా అంటారు. అభిరుచిపరుల వాడుకలో ఇది ‘ఆర్‌సీ వార్‌బర్డ్’. ఈ వ్యాసం అటువంటి నమూనా చరిత్ర, రకాలు, నిర్మాణం, ఉపరితల వివరాలు, ఎగురవేత, నిబంధనలను వివరిస్తుంది. ఉదాహరణలు వీలైనంత వరకు తెలుగు ప్రాంతంతో, ముఖ్యంగా మార్కాపురం, గిద్దలూరు, దొనకొండలున్న పశ్చిమ ప్రకాశంతో ముడిపడినవి.

నిర్వచనం, పరిధి

స్కేల్ నమూనాకు మూడు లక్షణాలుండాలి. ఆకారం మూల విమానం కొలతలకు అన్ని దిక్కులా ఒకే నిష్పత్తిలో ఉండాలి. ఉపరితలం మీది అతుకులు, రివెట్లు, రంగులు, గుర్తులు మూల విమానాన్ని పోలి ఉండాలి. ఎగిరే తీరు కూడా దానికి దగ్గరగా ఉండాలి. మొదటి రెండు మాత్రమే ఉంటే అది అల్మారాలో ఉంచే స్థిర నమూనా అవుతుంది. మూడోది మాత్రమే ఉంటే సాధారణ స్పోర్ట్ మోడల్ అవుతుంది.

స్కేల్ నమూనా ఒక విమాన రకానికి ప్రతిరూపంగా మిగలదు. ఫలానా క్రమసంఖ్య గల ఒక్క విమానం ఫలానా కాలంలో ఎలా ఉండేదో అది చూపుతుంది. ఒకే స్పిట్‌ఫైర్ ఒక స్క్వాడ్రన్ నుంచి మరో స్క్వాడ్రన్‌కు మారితే దాని అక్షరాలు, గుర్తులు, ఒక్కోసారి రంగులు కూడా మారేవి.

చరిత్ర

ఎగిరే నమూనాలు మనిషిని మోసే విమానాల కన్నా పాతవి. ఫ్రాన్స్‌కు చెందిన అల్ఫోన్స్ పెనో 1871లో రబ్బరు పట్టీ మెలితో నడిచే నమూనాను పారిస్‌లో ఎగరేశాడు. అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ సోదరులు 1937లో ‘గఫ్’ అనే నమూనాను రేడియోతో నడిపారు. అది తర్వాత స్మిత్సోనియన్ సంస్థకు చేరింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన తొలి రేడియో సెట్లు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేవి. వాటిలో చాలావరకు రడ్డర్‌ను పూర్తిగా కుడికో ఎడమకో తిప్పడం తప్ప మరేమీ చేయలేకపోయేవి. ట్రాన్సిస్టర్ల వల్ల 1960లలో ‘ప్రొపోర్షనల్’ నియంత్రణ వచ్చింది. చేతిలోని కర్రను ఎంత కదిపితే విమానంలోని రడ్డర్ లేదా ఎలివేటర్ అంతే కదలడం దీని సారాంశం. ఛానెళ్లు పెరిగాక ఫ్లాపులు, ముడుచుకునే చక్రాలు సాధ్యమై యుద్ధ విమాన నమూనాలకు ఊపు వచ్చింది.

2000 తర్వాత రెండు మార్పులు కీలకమయ్యాయి. లిథియం పాలిమర్ బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు ఇంధన ఇంజిన్లకు ప్రత్యామ్నాయమయ్యాయి. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు తరంగాల తగాదాను దాదాపు తొలగించాయి. అంతకుముందు ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ట్రాన్స్‌మీటర్ ఆన్ చేస్తే గాలిలో ఉన్న విమానం అదుపు తప్పి కూలేది. భారత ప్రభుత్వం 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని నిర్ణీత శక్తి పరిమితికి లోబడి లైసెన్సు అవసరం లేనిదిగా ప్రకటించింది.

భారతదేశంలో ఈ విద్యకు నేషనల్ క్యాడెట్ కోర్ ఒక ముఖ్య ద్వారం. 1948లో ఏర్పడిన ఎన్‌సీసీలో వైమానిక విభాగం 1950లో మొదలైంది. ఆ విభాగం శిక్షణలో ఏరోమోడలింగ్ భాగం. క్యాడెట్లు స్థిర నమూనాలు, తీగతో తిప్పే కంట్రోల్ లైన్ నమూనాలు, రేడియో కంట్రోల్ నమూనాలు తయారుచేసి ప్రదర్శిస్తారు.

ప్రాంతీయ నేపథ్యం

పశ్చిమ ప్రకాశంలో సైనిక విమానయానానికి నేరుగా సంబంధించిన చోటు దొనకొండ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ విమానాలు దిగే మైదానం ఏర్పాటు చేసింది. మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది.

విరాళాలిచ్చిన ప్రాంతాల పేర్లు పెట్టుకున్న బ్రిటిష్ స్క్వాడ్రన్‌లు ఈ ప్రాంతపు మోడలర్‌కు సహజమైన వస్తువులు:

• 264 స్క్వాడ్రన్: ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ పేరు గలది. 1940లో బోల్టన్ పాల్ డిఫయంట్ విమానాలతో పోరాడింది. ఈ విమానానికి ముందుకు కాల్చే తుపాకులు లేవు. నాలుగు మెషిన్‌గన్‌లున్న తిరిగే టరెట్ వెనుక ఉండేది.
• 110 స్క్వాడ్రన్: ‘హైదరాబాద్’ పేరు గలది. 1918లో దీని డీహెచ్-9ఏ బాంబర్లు నిజాం కానుకగా వచ్చాయి. వాటి మీద దాత పేరు రాసి ఉండేది. వాటిలో ఎఫ్1010 క్రమసంఖ్య గల విమానం లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది.
• 152 స్క్వాడ్రన్: ఇది కూడా ‘హైదరాబాద్’ స్క్వాడ్రనే. 1940లో స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండ్ గగనతలాన్ని కాపాడింది. తర్వాత బర్మా రంగంలో స్పిట్‌ఫైర్ మార్క్ 8 విమానాలు నడిపింది.
• 253 స్క్వాడ్రన్: ‘హైదరాబాద్ స్టేట్’ పేరు గలది. 1940లో హరికేన్‌లు నడిపింది.

సమకాలీన విమానాలకూ తెలుగు నేల మీద సందర్భాలున్నాయి. 2022లో ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి మారిన కొరిశపాడు వద్ద జాతీయ రహదారి మీద అత్యవసర రన్‌వే నిర్మించారు. 2022 డిసెంబర్ 29న వైమానిక దళం సుఖోయ్-30, తేజస్ తదితర విమానాలతో దాన్ని పరీక్షించింది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో 2017 డిసెంబర్‌లో ప్రారంభమైన మ్యూజియంలో నౌకాదళపు టీయూ-142 విమానాన్ని దగ్గరగా చూడవచ్చు.

రకాలు

స్కేల్ కచ్చితత్వాన్ని బట్టి మూడు తరగతులున్నాయి. ప్రతి రివెట్టుకూ ఆధారం చూపేది నిక్కచ్చి స్కేల్. కొంత దూరం నుంచి చూస్తే నిజమైన విమానంలా కనిపించేది స్టాండాఫ్ స్కేల్. తేలిగ్గా ఎగరడం కోసం తోకను పెద్దది చేయడం వంటి మార్పులను అనుమతించేది స్పోర్ట్ స్కేల్.

తయారీని బట్టి చూస్తే ప్లాన్ కాగితం నుంచి మొత్తం సొంతంగా కట్టేవి, ముక్కలు కోసి వచ్చే కిట్లు, దాదాపు సిద్ధంగా వచ్చే ఏఆర్‌ఎఫ్ విమానాలు ఉంటాయి. చోదక శక్తిని బట్టి విద్యుత్ మోటారు, మిథనాల్ ప్రధానంగా ఉన్న ఇంధనంతో నడిచే గ్లో ఇంజిన్, పెట్రోలు ఇంజిన్, గొట్టం లోపల ఫ్యాన్ తిరిగే ఈడీఎఫ్, కిరోసిన్‌తో నడిచే చిన్న టర్బైన్ రకాలున్నాయి. చివరి రెండూ తేజస్, మిగ్-21 వంటి జెట్ నమూనాలకు వాడతారు.

మూల విమానం ఎంపిక, ఆధారాలు

నిర్మాణం కత్తితో కాక కాగితాలతో మొదలవుతుంది. మూడు కోణాల రేఖాచిత్రం, ఎంచుకున్న విమానపు ఫొటోలు, రంగుల వివరం కలిపి ఒక ఫైలు తయారు చేస్తారు. రేఖాచిత్రానికీ ఫొటోకూ తేడా వస్తే సాధారణంగా ఫొటోనే ప్రమాణం.

బర్మా రంగంలోని స్పిట్‌ఫైర్ దీనికి మంచి ఉదాహరణ. జపాన్ విమానాల మీది ఎర్ర సూర్యబింబంతో పొరపడకుండా అక్కడి బ్రిటిష్, భారతీయ విమానాల గుండ్రటి గుర్తుల్లోంచి ఎరుపును తీసేశారు. ముదురు నీలం, లేత నీలం మిగిలాయి. రెక్కల మీద, తోక మీద గుర్తింపు పట్టీలు వేశారు. 152 స్క్వాడ్రన్ కొన్ని విమానాల మీద ఆ గుర్తును దాటి దూకుతున్న నల్ల చిరుతను చిత్రించింది. యూరప్ రంగపు గుర్తులు వేసిన నమూనా ఎంత నాణ్యంగా ఉన్నా బర్మా స్పిట్‌ఫైర్ కాదు. నలుపు తెలుపు ఫొటోల్లో గోధుమ రంగూ బూడిద రంగూ ఒకేలా కనిపించవచ్చు. అందుకే రంగును ఫొటో ఒక్కదాన్నే చూసి నిర్ణయించరు. కాలాన్నీ యూనిట్‌నూ సరిచూస్తారు.

కొలతలు, బరువు, వాయుగతిక అంశాలు

ప్రాంతీయ సంబంధమున్న కొన్ని విమానాల రెక్కల పొడవు, నమూనా కొలత సుమారుగా ఇలా ఉంటాయి:

• స్పిట్‌ఫైర్ మార్క్ 8: 11.23 మీటర్లు, 1:5 స్కేల్‌లో 2.25 మీటర్లు
• డిఫయంట్: 11.99 మీటర్లు, 1:6 స్కేల్‌లో 2 మీటర్లు
• హరికేన్: 12.19 మీటర్లు, 1:6 స్కేల్‌లో 2.03 మీటర్లు
• డీహెచ్-9ఏ: 14 మీటర్లు, 1:6 స్కేల్‌లో 2.33 మీటర్లు
• తేజస్: 8.2 మీటర్లు, 1:8 స్కేల్‌లో 1.03 మీటర్లు

పొడవు స్కేల్ ప్రకారం తగ్గితే వైశాల్యం దాని వర్గం ప్రకారం, ఘనపరిమాణం ఘనం ప్రకారం తగ్గుతాయి. నిండు బరువు సుమారు 3,500 కిలోలున్న స్పిట్‌ఫైర్‌ను 1:5కు కుదిస్తే లెక్క ప్రకారం 28 కిలోలు రావాలి. మోడలర్లు దాన్ని 8 నుంచి 11 కిలోల మధ్య ఉంచుతారు. 22.5 చదరపు మీటర్ల అసలు రెక్క వైశాల్యం నమూనాలో 0.9 చదరపు మీటరవుతుంది. బరువు 9 కిలోలైతే చదరపు మీటరుకు 10 కిలోల భారం పడుతుంది. అసలు విమానంలో ఇది 155 కిలోల దాకా ఉండేది. ఈ తేడా వల్లే నమూనా నెమ్మదిగా, చిన్న మైదానంలో దిగగలదు.

గాలి మాత్రం కుదించుకుపోదు. చిన్న రెక్క మీద, తక్కువ వేగంలో రేనాల్డ్స్ సంఖ్య తగ్గి రెక్క త్వరగా స్టాల్ అవుతుంది, అంటే గాలి మీద పట్టు కోల్పోతుంది. కొనల దగ్గర సన్నబడే స్పిట్‌ఫైర్ రెక్కలో ఈ ప్రమాదం ఎక్కువ. అసలు విమానంలోనే రెక్క మొదట్లో +2 డిగ్రీలున్న కోణం కొన దగ్గర -½ డిగ్రీకి తగ్గేది. నమూనాలోనూ ఈ మెలి ఉంచితే కొన ముందుగా పట్టు తప్పదు. గరిమనాభి సాధారణంగా రెక్క సగటు వెడల్పులో 25 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. ముక్కు పొట్టిగా ఉన్న విమానాల్లో బ్యాటరీని ముందుకు జరిపినా చాలకపోతే సీసం కలపాల్సి వస్తుంది. అందుకే తోక భాగాన్ని వీలైనంత తేలిగ్గా కడతారు.

నిర్మాణ పద్ధతులు

సంప్రదాయ పదార్థం బాల్సా చెక్క. ఎక్కువ బలం కావలసిన చోట బిర్చ్ ప్లైవుడ్, స్ప్రూస్ పట్టీలు వాడతారు. ఫ్యూజిలాజ్‌కు అడ్డంగా నిలిపే చట్రాలను ఫార్మర్లని, వాటిని పొడవునా కలిపే పుల్లలను స్ట్రింగర్లని అంటారు. రెక్కలో స్పార్ వెన్నెముక, రిబ్బులు ఆకృతినిచ్చే పక్కటెముకలు. అస్థిపంజరం పూర్తయ్యాక 1.5 నుంచి 2.5 మిల్లీమీటర్ల మందమున్న బాల్సా షీటు కప్పుతారు. వంపు ఎక్కువున్న చోట షీటును నీటితో తడిపి వంచుతారు.

జిగురు పనిని బట్టి మారుతుంది. బాల్సా అతుకులకు ఫెవికాల్ వంటి తెల్ల జిగురు, ఇంజిన్ గోడకూ చక్రాల దిమ్మెలకూ అరాల్డైట్ తరహా ఎపాక్సీ, చిన్న అతుకులకు ఫెవిక్విక్ తరహా జిగురు సరిపోతాయి. పని జరిగే బల్ల సమతలంగా ఉండటం తప్పనిసరి. బల్ల మెలి తిరిగితే రెక్కా మెలి తిరుగుతుంది.

ఖర్చు తగ్గించుకోవాలనుకునే విద్యార్థులు థర్మోకోల్, సన్‌ప్యాక్ షీటు వాడతారు. 3డీ ప్రింటింగ్ కూడా వ్యాపించింది. అచ్చు వేసిన భాగాలు వేగంగా తయారవుతాయి కానీ వేడికి లొంగుతాయి.

షీటింగ్ మీద పలుచని గ్లాస్ క్లాత్ పరిచి ఎపాక్సీ రెసిన్ పట్టిస్తే లోహపు రేకులా గట్టి ఉపరితలం వస్తుంది. గుడ్డ కప్పిన భాగాలను వేరుగా చూస్తారు. స్పిట్‌ఫైర్ తొలి రకాల ఎయిలరాన్లు, హరికేన్ వెనుక ఫ్యూజిలాజ్, డీహెచ్-9ఏలో చాలా భాగం ఇలాంటివే. వీటి మీద గుడ్డ ఆకృతి గల ఫిల్మ్ కప్పి, రిబ్బుల మీద పట్టీలు అంటిస్తారు.

నియంత్రణ వ్యవస్థ, చోదక శక్తి

పైలట్ చేతిలోని ట్రాన్స్‌మీటర్ ఆజ్ఞలను విమానంలోని రిసీవర్ అందుకుని సర్వోలకు పంపుతుంది. సర్వోలు కడ్డీల ద్వారా ఎయిలరాన్, ఎలివేటర్, రడ్డర్‌లను కదుపుతాయి. థ్రాటిల్, ఫ్లాపులు, చక్రాలు కలిపితే యుద్ధ విమానానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది ఛానెళ్లు పడతాయి. విద్యుత్ నమూనాలో మోటారు వేగాన్ని ఈఎస్‌సీ అనే ఎలక్ట్రానిక్ పరికరం నియంత్రిస్తుంది. లిథియం పాలిమర్ (లిపో) బ్యాటరీలో ఒక్కో సెల్ నామమాత్ర వోల్టేజీ 3.7, నిండుగా ఉన్నప్పుడు 4.2. ఎక్కువ రోజులు నిల్వ ఉంచాలంటే 3.8 వోల్టుల దగ్గర ఆపుతారు.

సిగ్నల్ తెగిపోతే థ్రాటిల్ తగ్గిపోయేలా ‘ఫెయిల్‌సేఫ్’ అమర్చడం ప్రాథమిక జాగ్రత్త.

ఉపరితల వివరాలు

లోహపు రేకుల అతుకులు చూపడానికి అతుకు ఉండాల్సిన చోట అతి సన్నని టేపు అంటించి, పైన ఫిల్లర్ ప్రైమర్ పలుమార్లు స్ప్రే చేస్తారు. ఆరాక ఉప్పుకాగితంతో సన్నగా రుద్ది టేపు లాగేస్తే పల్లపు గీత మిగులుతుంది. ఉబ్బెత్తు రివెట్లకు సన్నని సూది ఉన్న సిరంజితో తెల్ల జిగురు చుక్కలు వరుసగా పెడతారు. చుక్క ఆరేకొద్దీ కుంచించుకుంటుంది కనుక ముందుగా ఒక ముక్క మీద పరిమాణం చూసుకుంటారు. సమతల రివెట్లకు పదును పెట్టిన సన్నని ఇత్తడి గొట్టాన్ని తేలిగ్గా అదిమి తిప్పితే చిన్న వలయం పడుతుంది.

తనిఖీ మూతలు, ఇంజిన్ పక్క రేకులు నిజమైన లోహంతోనే చేయవచ్చు. ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్రెస్‌లలో వాడి పారేసే పలుచని అల్యూమినియం ప్లేట్లు ఇందుకు సరిపోతాయి. వంపు తిప్పాలంటే ప్లేటును ముందు మెత్తబరచాలి. దాని మీద ఒంటి సబ్బు రుద్ది వెనుక నుంచి సెగ చూపిస్తే సబ్బు క్రమంగా ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ క్షణంలోనే సెగ తీసేయాలి. ఇంకా కాలిస్తే పలుచని ప్లేటు కరిగిపోతుంది. చల్లారాక అది వేలితోనే వంగుతుంది.

కాక్‌పిట్‌లో పరికరాల ఫలకాన్ని రెండు పొరలుగా చేస్తారు. వెనుక ముద్రించిన డయళ్లు, ముందు రంధ్రాలు చేసిన ఫలకం, మధ్యలో పారదర్శక రేకు ఉంటాయి. సీటు పట్టీలు, గన్ సైట్, పైలట్ బొమ్మ కలిపితే లోపలి భాగం పూర్తవుతుంది. డిఫయంట్‌లో టరెట్ వల్ల ఈ శ్రమంతా రెట్టింపవుతుంది.

రంగులు, గుర్తులు, వాడకపు జాడలు

నిగనిగలాడే రంగు చిన్న వస్తువును బొమ్మలా చూపుతుంది. అందుకే యుద్ధ విమానాలకు మందమైన మెరుపు గల రంగులు వాడతారు. గుర్తులను స్టిక్కర్లతో కాక స్టెన్సిల్ పెట్టి రంగుతో వేస్తే రివెట్లూ అతుకులూ కప్పుకుపోవు.

వాడకపు జాడలకు కారణం ఉండాలి. ఎగ్జాస్ట్ మసి గాలి వాటున వెనక్కి సాగుతుంది. తుపాకీ గొట్టాల వెనుక రెక్క కింద మసి చార పడుతుంది. సిబ్బంది ఎక్కి దిగే రెక్క మొదట్లో రంగు ఊడి లోహం కనిపిస్తుంది. అక్కడ వెండి రంగు పెన్సిల్ వాడతారు. ఎండకు కాలే పై భాగాలు కింది భాగాల కన్నా ఎక్కువగా వెలిసిపోతాయి. చివర మ్యాట్ లక్క పూతతో అన్నిటినీ స్థిరపరుస్తారు. పెట్రోలు, గ్లో ఇంజిన్లున్న విమానాలకు ఇంధనం తాకినా కరగని పూత అవసరం.

ఎగురవేత, స్థానిక వాతావరణం

తొలి ఎగురవేతకు ముందు గరిమనాభి, నియంత్రణ దిశలు, రేడియో రేంజి, బ్యాటరీ వోల్టేజీ పరీక్షిస్తారు. తోక చక్రం గల విమానాలు టేకాఫ్‌లో ప్రొపెల్లర్ ప్రభావం వల్ల పక్కకు లాగుతాయి. థ్రాటిల్‌ను మెల్లగా పెంచుతూ రడ్డర్‌తో సరిచేయాలి. చక్రాల మధ్య దూరం తక్కువున్న స్పిట్‌ఫైర్‌లో పక్క గాలికి రెక్క నేలను తాకే ప్రమాదం ఉంది.

పశ్చిమ ప్రకాశంలో వేసవి పగటి వేడి తరచు 40 డిగ్రీలు దాటుతుంది. 42 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత 15 డిగ్రీల దగ్గర ఉండే దాని కన్నా 8 నుంచి 9 శాతం తక్కువ. టేకాఫ్ పరుగు పెరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో అచ్చు వేసిన భాగాలు వంగిపోవచ్చు, ఫిల్మ్ సడలవచ్చు, లిపో బ్యాటరీలు ఉబ్బవచ్చు. ఉదయం వేళ గాలి నిలకడగా ఉండి ఎగురవేతకు అనుకూలిస్తుంది. పొలం పనులు జరిగే చోట, పశువులు మేసే చోట ఎగరేయకూడదు.

నిబంధనలు, భద్రత

2021 ఆగస్టులో అమల్లోకి వచ్చిన డ్రోన్ నియమావళి ఈ నమూనాలకూ వర్తిస్తుంది. మొత్తం బరువు 25 కిలోలు మించకుండా, విద్య, పరిశోధన, డిజైన్, పరీక్ష, వినోదం కోసం మాత్రమే, కంటికి కనిపించే దూరంలో నడిపే విమానాన్ని అది ‘మోడల్’ తరగతిగా గుర్తిస్తుంది. ఈ తరగతికి టైప్ సర్టిఫికేట్ నుంచి మినహాయింపు ఉంది. బరువును బట్టి 2 నుంచి 25 కిలోల మధ్యవి ‘చిన్న’ విభాగంలోకి వస్తాయి. గగనతలం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విభజించి ఉంటుంది. ఆకుపచ్చ జోన్‌లో సాధారణ ఎత్తు పరిమితి 400 అడుగులు, అంటే 120 మీటర్లు. ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కైలోని మ్యాప్‌లో స్థలాన్ని సరిచూసుకోవాలి.

గిద్దలూరు వైపు నల్లమల అడవి, పులుల అభయారణ్యం దగ్గరలో ఉన్నందున అటవీ భూమిలో అటవీ శాఖ అనుమతి తప్పదు. దొనకొండ పాత మైదానం కూడా ప్రభుత్వ భూమే. అనుమతి లేకుండా దాన్ని వాడకూడదు. తిరిగే ప్రొపెల్లర్ వేళ్లను కోసేయగలదు కనుక బ్యాటరీ కలిపిన క్షణం నుంచి విమానాన్ని ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టే చూడాలి.

పోటీలు, మూల్యాంకనం

అంతర్జాతీయ విమాన క్రీడల సమాఖ్య ఎఫ్ఏఐ నిర్వహించే స్కేల్ విభాగంలో ఎఫ్4సీ ప్రధాన రేడియో కంట్రోల్ తరగతి. ఇందులో పోటీదారే విమానాన్ని స్వయంగా కట్టి ఉండాలి. ఎఫ్4హెచ్‌లో ఈ నియమం సడలింది. న్యాయనిర్ణేతలు ముందు ఆధార పత్రాలతో పోల్చి నేల మీది పోలికకు, తర్వాత ఎగిరే తీరులోని సహజత్వానికి మార్కులు వేస్తారు. పత్రంలో లేని వివరానికి మార్కు రాదు. మూల విమానంలో ఉన్నా ఆధారం చూపకపోతే అంతే.

ప్రాముఖ్యం

విద్యారంగంలో ఈ అభిరుచి వాయుగతిక శాస్త్రం, ఎలక్ట్రానిక్స్, వడ్రంగం, లోహపు పనిని ఒకే వస్తువులో కలిపి నేర్పుతుంది. రక్షణ, డ్రోన్ రంగాల్లో చేరేవారికి ఇది తొలి ప్రయోగశాలగా ఉపయోగపడుతుంది. చరిత్ర వైపు నుంచి చూస్తే డిఫయంట్, డీహెచ్-9ఏ వంటి విమానాలు ప్రపంచంలో అతి కొద్దిగా మిగిలాయి. ఎగిరే స్థితిలో వాటి ఆకారాన్నీ గుర్తులనూ చూసే అవకాశం ఎక్కువగా నమూనాల్లోనే ఉంది. మరోవైపు ఖర్చు, దిగుమతి భాగాల మీద ఆధారం, మైదానాల కొరత, ఒక్క ప్రమాదంలో నెలల శ్రమ పోవడం దీని పరిమితులు. యుద్ధాన్ని ఆకర్షణీయంగా చూపుతుందన్న విమర్శ కూడా ఉంది. స్క్వాడ్రన్ చరిత్రనూ ప్రాణనష్టాన్నీ పత్రంలో నమోదు చేయడం ద్వారా కొందరు మోడలర్లు దీనికి స్పందిస్తారు.

ఇవి కూడా చూడండి

ఏరోమోడలింగ్, ఎన్‌సీసీ వైమానిక విభాగం, దొనకొండ, కానుక స్క్వాడ్రన్‌లు, సూపర్‌మెరీన్ స్పిట్‌ఫైర్, తేజస్, డ్రోన్ నియమావళి 2021, రేనాల్డ్స్ సంఖ్య